భూమే మూలధనంగా వెలసిన కళాశాలలు

వ్యవసాయ, సాంకేతిక విద్య కోసం అమెరికా కేంద్ర ప్రభుత్వం తన భూములను రాష్ట్రాలకు ధారాదత్తం చేసిన శాసనమే మోరిల్‌ చట్టం. వెర్మాంట్‌ ప్రతినిధి జస్టిన్‌ మోరిల్‌ దీని రూపకర్త. 1859లో అధ్యక్షుడు బుకానన్‌ ఈ ప్రతిపాదనను తిరస్కరించారు. అంతర్యుద్ధం సాగుతుండగానే 1862 జులై 2న అబ్రహాం లింకన్‌ ఆమోదించారు. శ్రమజీవుల పిల్లలకు ఉన్నత విద్య అందించడం దీని ఆశయం.

అసలు చెదరని నిధి

చట్టసభల్లో ఉన్న ఒక్కో సభ్యుడికి 30 వేల ఎకరాల చొప్పున రాష్ట్రానికి భూమి దక్కింది. అది కళాశాల ప్రాంగణం కోసం ఇచ్చినది కాదు. విక్రయించగా వచ్చిన సొమ్మును శాశ్వత నిధిగా ఉంచి, వడ్డీతో బోధన సాగించాలి. భవన నిర్మాణానికి ఆ నిధిని వాడరాదు. తమ పరిధిలో ప్రభుత్వ భూమి లేని రాష్ట్రాలకు పశ్చిమ ప్రాంత భూముల హక్కుపత్రాలు ఇచ్చారు. అవన్నీ ఒకేసారి అమ్మకానికి రావడంతో ధర పతనమై, పలు రాష్ట్రాలు ఎకరా డాలరు లోపే వదులుకున్నాయి. న్యూయార్క్‌ వాటా 9.90 లక్షల ఎకరాలు. అందులో అధిక భాగం హక్కుపత్రాలను ఎజ్రా కార్నెల్‌ కొని, విస్కాన్సిన్‌ అడవులను ఎంచుకుని, ధర పెరిగేవరకు నిలిపి ఉంచారు. ఆయన పేరిట వెలసిన విశ్వవిద్యాలయానికి ఆ ఓపికే సిరులు కురిపించింది.

ఎవరి భూమి?

ఈ భూములు ఆదివాసీ తెగల నుంచి ఒప్పందాల పేరిట నామమాత్రపు ధరకో, బలవంతంగానో తీసుకున్నవి. సుమారు 250 తెగలకు చెందిన 1.07 కోట్ల ఎకరాలు 52 విద్యాసంస్థలకు ఉపకరించాయని 2020లో వెలువడిన పరిశోధనాత్మక కథనం లెక్కగట్టింది. ఆదివాసీ కళాశాలలకు ఈ హోదా 1994లో గానీ లభించలేదు.

మన రాష్ట్రానికి

1887 చట్టంతో పరిశోధన కేంద్రాలు, 1914 చట్టంతో రైతు ముంగిటికి విస్తరణ సేవలు తోడయ్యాయి. బోధన, పరిశోధన, విస్తరణలను ఒకే గొడుగు కిందకు తెచ్చిన ఈ నమూనాలోనే 1960లో పంత్‌నగర్‌, 1964లో ఆంధ్రప్రదేశ్‌ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. మన విశ్వవిద్యాలయానికి కాన్సాస్‌ స్టేట్‌ విశ్వవిద్యాలయం సహకరించింది. ఇక్కడి భూములు అమ్మకానికి కాక, ప్రయోగ క్షేత్రాలకు ఉద్దేశించినవి. 1996లో ఆచార్య ఎన్‌.జి. రంగా పేరు పెట్టిన ఈ సంస్థ 2014 విభజనతో రెండైంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లో 100 ఎకరాలను తెలంగాణ హైకోర్టు భవనాలకు కేటాయించినప్పుడు, 2024 జనవరిలో విద్యార్థులు ఆందోళనకు దిగారు. పరిశోధనకు భూమే ప్రాణమన్నది వారి వాదన.