తన ప్రకటన తనకే కానరాని వైనం: చాటింపు నుంచి వ్యక్తిగత శోధన వరకు

‘ప్రకటన’ అనే మాటకు మూలం ‘ప్రకటం’. దాగనిది, స్పష్టంగా కనబడేది అని దాని అర్థం. నలుగురికీ ఒకే తీరుగా వెల్లడి కావాలన్న నియమం ఆ మాటలోనే ఇమిడి ఉంది. అంతర్జాల శోధన యంత్రాల వల్ల ఆ నియమం ఎలా సడలిందో, ప్రకటన ఇచ్చినవాడి వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పాఠకుడి వైపు నుంచి ఈ చర్చ ఇదివరకే సాగింది. 2011లో ఎలీ పరిసర్ రాసిన ‘ది ఫిల్టర్ బబుల్’ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రకటనకర్త సంగతి అంతగా చర్చకు రాలేదు.

ఊళ్లో చాటింపు వేయించినవాడు తన అరుగు మీద కూర్చొనే తన మాట వినగలిగేవాడు. చాటేవాడు ఒక ముక్క మింగితే అక్కడికక్కడే తెలిసిపోయేది. అచ్చు వచ్చాక కూడా ఈ సౌలభ్యం పోలేదు. 1902లో బందరులో కృష్ణాపత్రిక వెలువడింది. అటువంటి పత్రికలో ప్రకటన ఇచ్చినవాడు ఏ పుట చూసేవాడో చందాదారుడూ అదే పుట చూసేవాడు. ప్రకటన అచ్చయిన సంచికను రుజువుగా ప్రకటనకర్తకు పంపడం పత్రికారంగంలో స్థిరపడిన ఆచారం. పామర్రు సమీపాన ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించి, 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రికను వెలువరించారు. మందు అమ్మేవారూ పత్రికాధిపతీ ఒక్కరే అయిన ఆ సందర్భంలో ప్రకటనకూ ప్రకటనకర్తకూ నడుమ అడ్డుతెర లేనే లేదు.

జిల్లా సంచికలు వచ్చాక కొంత తేడా వచ్చిన మాట నిజం. బందరు ప్రకటన విశాఖలో కనబడదు. అయితే ఆ తేడా చోటును బట్టి వచ్చినదే గాని మనిషిని బట్టి కాదు. బంటుమిల్లి టీకొట్టులో ఒకే పత్రికను పదిమంది చదివితే పదిమందికీ అదే ప్రకటన.

గూగుల్ 2000 అక్టోబరులో ‘యాడ్‌వర్డ్స్’ పేరుతో ప్రకటనల విధానాన్ని ప్రవేశపెట్టింది. 2005లో ఖాతాదారులకు వ్యక్తిగత శోధనను అందించి, 2009 డిసెంబరులో ఖాతా లేనివారికీ విస్తరించింది. ఈ మార్పు ఫలితం తెలియడానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. పొరుగున ఉన్న పెడన కలంకారీ బట్టలు అమ్మే బంటుమిల్లి వర్తకుడొకడు, తన ప్రకటన వచ్చిందో లేదో చూద్దామని తన ఫోనులోనే ‘కలంకారీ చీరలు’ అని వెదికాడు. ప్రకటన హైదరాబాదు వారికి మాత్రమే ఉద్దేశించినదైతే అతనికి కనబడనే కనబడదు. కనబడినా, నొక్కితే ఖర్చని నొక్కడు. చూపిన లెక్క పెరుగుతుంది, నొక్కిన లెక్క పెరగదు. పదేపదే ఇలా చేస్తే, ఇతనికి దీనిపై ఆసక్తి లేదని భావించి యంత్రం ఆ ప్రకటనను అతనికి చూపడం మానివేయవచ్చు. మరోవైపు, రోజూ తెరిచే తన సొంత వెబ్‌సైటు మామూలు ఫలితాలలో అతనికి పైవరుసలో కనిపించవచ్చు. డబ్బు పెట్టినది మాయమైందన్న దిగులు, పెట్టనిది అందరికీ కనబడుతోందన్న ధీమా, రెండు భ్రమలూ ఒకే తెర మీద కలుగుతాయి. చూడడమే చూడదలచినదాన్ని మార్చివేసే ఈ స్థితి చాటింపుకు గాని అచ్చుకు గాని లేదు.

ఈ చిక్కు తెలిసే గూగుల్ ఒక పరీక్షా సాధనాన్ని సమకూర్చింది. ఊరు, భాష, పరికరం ఎంచుకుంటే, లెక్కలోకి రాకుండా నమూనా పుట కనిపిస్తుంది. కాని అది ఏ గత శోధనల జాడా లేని పాఠకుడి పుట. అటువంటి పాఠకుడు నిజానికి అరుదు. ఇక వర్తకుడికి మిగిలేది నివేదికలోని అంకెలే. ఎన్నిసార్లు చూపారో తెలుస్తుంది, చూపిన పుట మాత్రం చేతికి రాదు.

సాహిత్య పరిశోధకుడికి దీనితో పనేమిటని అడగవచ్చు. బైండు చేసేటప్పుడు అట్టలూ ప్రకటనల పుటలూ చించివేసిన సంపుటాలతో మనం ఇదివరకే అవస్థపడుతున్నాం. అయినా ఎక్కడో ఒక ప్రతి దొరుకుతుందన్న ఆశ ఉండేది. వాడుక భాష, ధరలు, అభిరుచుల చరిత్రకు ఆ పుటలు ఆధారాలు. వ్యక్తిగత శోధనలో మూలప్రతి అనేదే లేదు. 2023లో గూగుల్ ప్రారంభించిన ప్రకటనల పారదర్శకతా కేంద్రంలో ప్రకటన పాఠం దొరకవచ్చు. పెడన చీరల ప్రకటన ఏ మాట వెదికినవారికి, ఏ ఫలితాల నడుమ కనిపించిందో అందులో దొరకదు. ఆ వర్తకుడు ఎప్పుడైనా స్క్రీన్‌షాట్ తీసి దాచుకొని ఉంటే, అదీ అతని ఫోనుకు కనిపించిన పుటే.