మంచాన్ని మించిన కాళ్ళు

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. ఆ మాటను లెక్కచేయని యంత్రాన్ని ఈమధ్య చూశాను.

మా ఇంటికి 10 అడుగుల భోజనాల బల్ల కావాలి, అంచు పొడవునా లత చెక్కాలి. తీరా వెళ్ళి చూస్తే కార్ఖానాలో సి.ఎన్.సి. రౌటర్ బెడ్డు 8 అడుగులే! "మిగతా రెండడుగులూ ఎవరు చెక్కుతారయ్యా?" అన్నాను. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు వెనక 200 ఏళ్ళ కథ ఉంది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో మార్క్ బ్రూనెల్ ఊహించిన యంత్రాలను హెన్రీ మాడ్స్‌లే తయారుచేసి ఇచ్చాడు. 1808 నాటికి ఓడలకు ఏడాదికి 1,30,000 చెక్క కప్పీలు వాటిమీద తయారయ్యేవి. 110 మంది పని 10 మందే చేశారట! మిగిలిన వందమంది ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో అనిపిస్తుంది నాకు.

1819లో అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకుల కొయ్యభాగాలు చెక్కే యంత్రం కట్టాడు. ఒక చక్రం నమూనాను తడుముతూ పోతే, ఆ వంపులనే కత్తి కొత్త కొయ్యమీద దింపేది. తర్వాత మిషిగన్‌కు చెందిన జాన్ పార్సన్స్ వంపులను అంకెలతో చెప్పవచ్చన్నాడు. 1952లో ఎం.ఐ.టి. వారు చిల్లుల కాగితపు టేపు చదివి లోహాన్ని కోసే యంత్రాన్ని ప్రదర్శించారు. నమూనా పోయి అంకె వచ్చింది.

అయితే పలక జరిగితే అంకెకు తెలియదు కదా! అందుకే మొదటి భాగం చెక్కాక, పనికిరాని అంచులో వేసిన రెండు చిల్లులను బెడ్డు మీద 4 అడుగుల ఇవతలి చిల్లులతో కలిపి పిన్నులు దించాడు కుర్రాడు. ప్రోగ్రామునూ అంతే జరిపాడు. తీరా చూస్తే ప్రయోగానికి పెట్టిన పలక మీద లత తెగినట్టుంది, మిల్లీమీటరు తేడా!

మూల కూర్చుని ఉలి నూరుతున్న ముసలి వడ్రంగి లేచొచ్చాడు. "బాబూ, చీలలు అంత దగ్గరగానా? ఎడంగా దించు" అన్నాడు. నిజమే. 10 సెంటీమీటర్ల ఎడంలో పదోవంతు మిల్లీమీటరు వంకర, 120 సెంటీమీటర్లు పోయేసరికి 1.2 మిల్లీమీటర్లవుతుంది. పిన్నులు మీటరు ఎడంగా వేశాక లత కలిసింది.

పోర్ట్స్‌మత్ లెక్కలో ఆయన పదిమందిలోనా, వందమందిలోనా? అడగలేకపోయాను. భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆ అతుకు కోసం వేలితో వెతుకుతుంటాను. ఇంతవరకూ దొరకలేదు.