మన్రో పాలనను ఆటగా బోధించడం: చిత్తూరు సీమ పాఠశాలలకు ఒక నమూనా

సమస్య

తిరుమల ఆలయంలో మన్రో గంగాళం పేరు నేటికీ వినిపిస్తుంది. స్వామివారి నైవేద్యానికి ఈస్టిండియా కంపెనీ అధికారి థామస్ మన్రో చేసిన ఏర్పాటని జనం చెప్పుకుంటారు. అనంతపురం పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. స్థానిక సాయుధ నాయకులైన పాళెగాళ్ల బలాన్ని విరిచి, కంపెనీ ఖజానాకు శిస్తు రాబట్టిందీ ఆయనే. 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలకు 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా, 1820 నుంచి 1827లో పత్తికొండలో కలరాతో మరణించేదాకా మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. ఇలాంటి పాలకుణ్ణి పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలి? రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీని ప్రవేశపెట్టినదెవరన్న ఒక మార్కు ప్రశ్నతో సరిపెడితే పేరు మిగులుతుంది, రైతు మాయమవుతాడు. ఆటలో పిల్లలు తలా ఒక స్థానంలో కూర్చుని నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, ఆ పాలన ఎవరికి మేలు చేసిందో, ఎవరిని నలిపిందో వారే తేల్చుకోగలరని ఈ వ్యాసం వాదిస్తుంది.

మొదటి అంచె: పులి–మేక

మూడు పులులు, పదిహేను మేకల ఆట ఈ సీమ పిల్లలకు కొత్త కాదు. గుళ్ల బండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇరుపక్షాల బలం సమానం కాకపోవడమే ఆ ఆట ప్రత్యేకత. ఇక్కడ పులులు పాళెగాళ్లు, మేకలు రైతులు. అయితే పాళెగాడు దోచుకునేవాడు మాత్రమే కాదు, ఊరికి కాపలా కాసినవాడు కూడా. అందుకే పులి పక్కనున్న మేకను బయటి దొంగ తాకకూడదన్న నియమాన్ని ఉపాధ్యాయుడు చేర్చాలి. తర్వాత పులులను ఒక్కొక్కటిగా పలక మీంచి తీసేయాలి. గుర్రంకొండ వైపు సీమ దత్తమండలాలతో కంపెనీకి చేరింది. చిత్తూరు పాళేలు 1801లో ఆర్కాటు నవాబు నుంచి చేరాయి. రెండుచోట్లా పాళెగాళ్లను సైన్యంతోనే అణచారు.

రెండో అంచె: చింతగింజల లెక్క

పులులు పోయాక రైతు ఎదుట కలెక్టరు ఉంటాడు. రైతు స్థానంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ పంటగా 20 చింతగింజలు ఇవ్వాలి. దత్తమండలాల శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతమని మన్రో లెక్క. అంటే 9 గింజలు కలెక్టరుకు పోతాయి. మరుసటి ఏడు వాన లేదు, చేతికొచ్చింది 8 గింజలే. శిస్తు మాత్రం అదే 9. మాఫీ ఇవ్వాలా వద్దా అన్నది కలెక్టరు స్థానంలో కూర్చున్న పిల్లవాడు తేల్చాలి. అతని పైన మద్రాసు రెవెన్యూ బోర్డు ఉంది. ‘వసూలు తగ్గకూడదు’ అన్న చీటీ అక్కడి నుంచి వస్తుంది. పొలం శిస్తును నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రో స్వయంగా సిఫారసు చేశాడు. అలా తగ్గిస్తే 9 గింజలు సుమారు 7 అవుతాయి. అప్పుడు ఆ మాట చెల్లలేదు. ఆయన గవర్నరయ్యాకే అమలుకు వచ్చింది. రైతు పక్షాన మాట్లాడిన అధికారే ఎక్కువ శిస్తు ఎందుకు వసూలు చేశాడన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే వస్తుంది. ఈ ఆటకు ప్రాణం ఆ ప్రశ్న.

జాగ్రత్తలు

ఆటకు ప్రమాదమూ ఉంది. అమెరికాలో 1971లో ఎనిమిదో తరగతి చరిత్ర పాఠం కోసం రూపొందించిన ‘ఒరెగాన్ ట్రైల్’ అనే కంప్యూటర్ ఆట పిల్లలను వలస బండి ఎక్కించింది. ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసుల వైపు నుంచి చూడలేదన్న విమర్శను మూటగట్టుకుంది. బానిసత్వం నుంచి పారిపోయేవారి మీద 1992లో వచ్చిన ‘ఫ్రీడమ్!’ ఆటను తల్లిదండ్రుల అభ్యంతరాలతో మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. మన ఆటలో కరువుకు, ఉరికి పాయింట్లు ఉండకూడదు. ప్రతి విద్యార్థీ అన్ని స్థానాల్లోనూ కూర్చోవాలి. ఎవరి స్థానం లేకపోయిందో చివర్లో అడగాలి. పొలం లేని కూలీ, ఆడమనిషి ఈ పలక మీద లేరన్న సంగతి అప్పుడు బయటపడాలి.

నిర్ధారణ

ఆడి లేచిపోతే పాఠం పూర్తి కాదు. మన్రో పాలన వల్ల ఎవరికి ఏం దక్కిందో, ఎవరికి ఏం పోయిందో ఒక్కో ఆధారంతో ప్రతి విద్యార్థీ రాయాలి. ఒకరు ఆయన్ను మెచ్చుకోవచ్చు, మరొకరు తప్పుపట్టవచ్చు. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పకూడదు. మార్కులు వేయాల్సింది పిల్లల అభిప్రాయానికి కాదు, దానికి వారు చూపిన ఆధారానికి.