సనద్‌లో దాగిన పేర్లు

హదీసులను తెలుగులోకి అనువదించేటప్పుడు మేము సాధారణంగా ఉల్లేఖకుల వరుసను వదలివేస్తాము. దైవప్రవక్త (స) నుండి విన్న సహచరుని పేరు ఒక్కటి ఉంచి, తక్కినవి పాఠకునికి భారమని తలుస్తాము. అలా వదలివేసిన పేర్ల వెనుక ఎంతటి పరిశోధన ఉన్నదో కొంత చెప్పటం న్యాయం.

ఒకరి నుండి ఒకరు విన్న వరుసే సనద్. అయితే వరుసలో చెప్పిన పేర్లే అసలు పేర్లన్నీ కాకపోవచ్చు. కొందరు తమకు వినిపించిన వ్యక్తిని మరుగుపరచి, అతని పైవాని పేరు చెప్పేవారు. దీనినే 'తద్‌లీస్' అన్నారు. అందుకే ఇమామ్ షుఅబా (మరణం హి. 160) తన గురువు ఖతాదా నోటినే గమనిస్తూ ఉండేవారట. 'మాతో చెప్పారు' అంటే స్వీకరించేవారు; కేవలం 'ఫలానా వారి నుండి' అంటే విడిచిపెట్టేవారు.

మాటతీరు చాలనప్పుడు ఉల్లేఖనాలనే పోల్చి చూచేవారు. హమ్మాద్ బిన్ సలమా హి. 167లో గతించారు. ఆయన ఉల్లేఖనాలలోని పొరపాట్లు ఆయనవా, శిష్యులవా? ఆయననే అడిగే వీలు లేదు. యహ్యా బిన్ మఈన్ (మరణం హి. 233) ఆయన గ్రంథాలను పదిహేడుగురు శిష్యుల వద్ద విని, ఇంకొకరి వద్దకు పోయారు. ఇన్నిసార్లు ఎందుకని అడిగితే ఆయన చెప్పిన కారణం ఇది: శిష్యులందరూ ఒకే పొరపాటు చెబితే అది గురువుది, అందరూ ఒకటి చెప్పి ఒక్కడు వేరుగా చెబితే అది ఆ ఒక్కనిది. ఈ వృత్తాంతాన్ని ఇబ్ను హిబ్బాన్ నమోదు చేశారు.

షుఅబా ప్రయాణ గాథ మరింత ప్రసిద్ధం. వుజూ ఘనతను గురించిన ఒక హదీసును కూఫాలో అబూ ఇస్హాఖ్, అబ్దుల్లాహ్ బిన్ అతా ద్వారా హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) నుండి వినిపించారు. అబ్దుల్లాహ్ నిజంగా ఉఖ్బా (రజి) నుండి విన్నారా అని షుఅబా అడిగితే గురువు కోపగించుకొన్నారు. షుఅబా మక్కా వెళ్ళారు. అబ్దుల్లాహ్, తనకు సఅద్ బిన్ ఇబ్రాహీమ్ చెప్పారన్నారు. మదీనా వెళితే సఅద్, మీ బస్రావాడే జియాద్ బిన్ మిఖ్రాఖ్ చెప్పాడన్నారు. తిరిగి బస్రా వస్తే జియాద్, షహ్ర్ బిన్ హౌషబ్ పేరు చెప్పారు. షుఅబా దృష్టిలో షహ్ర్ నమ్మదగినవాడు కాడు. ఈ హదీసు నిలిచి ఉంటే తనకు కుటుంబం, ఆస్తి కంటే ప్రియమయ్యేదని ఆయన బాధపడ్డారట. ఒక్క లంకె అనుకొన్నచోట కనీసం మూడు పేర్లు దాగి ఉన్నాయి.

ఈ గాథను వివరంగా చెప్పిన నస్ర్ బిన్ హమ్మాద్ కూడా విమర్శకుల దృష్టిలో బలహీనుడే. కొలబద్ద అందరికీ ఒక్కటే.

అయితే ఆ హదీసు అసత్యమా? కాదు. ఉఖ్బా (రజి) నుండే వేరొక మార్గాన వచ్చిన వుజూ హదీసును ఇమామ్ ముస్లిం తన సహీహ్‌లో చేర్చారు. తెగినది ఒక మార్గమే. ఇష్టమైన మాట అయినా తెగిన మార్గాన్ని అంగీకరించకపోవటం, ఒక మార్గం తెగినంత మాత్రాన మాటనే త్రోసివేయకపోవటం, ఈ రెండూ ఆ పెద్దల అమానతు.

అనువాదంలో పేర్లు వదలవలసి వచ్చినా, వదలినామన్న సంగతిని మేము పాఠకునికి చెప్పాలి. ఆ పేర్లలో ఒక్కటి నిగ్గు తేల్చుకోవటానికి ఒక మనిషి మూడు నగరాలు తిరిగాడు.