మూర్ఛలా కనిపించే మనోవేదన
భద్రాచలం మన్యంలో మనిషి పడి కొట్టుకుంటే గాలి సోకిందనేవారు. కోయగూడేల్లో పూజారి అయిన వడ్డె కారణం చూసి మొక్కు చెప్పేవాడు. మైదాన ఊళ్లలో చేతిలో తాళాలగుత్తి పెట్టేవారు. 19వ శతాబ్దం చివర పారిస్‌లో నరాల వైద్యుడు షార్కో ఇలాంటి కొన్ని మూర్ఛలను హిస్టీరియాగా వర్ణించాడు. ఆ తర్వాత మెదడులోని విద్యుత్‌ను నమోదు చేసే ఈఈజీ వచ్చింది. పిమ్మట వీడియో ఈఈజీ అపస్మారానికీ, మనోవేదన వల్ల వచ్చే మానసిక మూర్ఛకూ ఉన్న తేడాను తేటపరిచింది. మానసిక మూర్ఛలో మెదడులో అపస్మారపు విద్యుత్ అలజడి ఉండదు. కళ్లు తరచు గట్టిగా మూసుకుని ఉంటాయి. ఇది నటన కాదు. అపస్మారపు మాత్రలు దీన్ని తగ్గించవు. మనసు విప్పి మాట్లాడించే చికిత్స, ఇంటివారి ఓర్పు మేలు చేస్తాయి. కొందరికి రెండు జబ్బులూ ఉంటాయి గనుక వైద్యుడు చెప్పకుండా మాత్రలు మానకూడదు.