సైనిక సమాచార వ్యవస్థల పథకాలలో అజమాయిషీ: అమెరికా జె.టి.ఆర్.ఎస్. అనుభవం

అమెరికా సాయుధ దళాలన్నింటికీ ఉమ్మడి రేడియో వ్యవస్థను సమకూర్చే లక్ష్యంతో ఆ దేశ రక్షణ శాఖ 1997లో జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్ (జె.టి.ఆర్.ఎస్.) పథకాన్ని చేపట్టింది. 2005, 2006 సంవత్సరాలలో పథక నిర్వహణను సమూలంగా సంస్కరించినప్పటికీ, అందులో ప్రధానమైన ఒక విభాగం 2011లో రద్దయింది. పలు శాఖలు పాలుపంచుకునే భారీ పథకాలలో అజమాయిషీని ఏ దశలో పటిష్ఠపరచాలనే విషయంలో ఈ అనుభవం పరిశీలనార్హమైనది.

నేపథ్యం:
ఆర్మీ, నౌకాదళం, వైమానిక దళం, మెరైన్ దళం వేర్వేరుగా సమకూర్చుకున్న రేడియోలు అనేకం ఒకదానితో మరొకటి అనుసంధానం కాలేని స్థితిలో ఉండేవి. పరికరాన్ని మార్చకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చడం ద్వారా అనేక ప్రసార విధానాలలో పనిచేయగల రేడియోలను రూపొందించడం ఈ పథకం ఉద్దేశం. పాత తరహా రేడియోల కొనుగోళ్లపై రక్షణ శాఖ ఆంక్షలు కూడా విధించింది.

నిర్వహణ లోపాలు:
పథకాన్ని క్లస్టర్లుగా విభజించి, వాటి బాధ్యతను వేర్వేరు దళాలకు అప్పగించడం జరిగింది. ఉమ్మడి కార్యాలయం ఉన్నప్పటికీ దానికి నిధులపైన గాని, దళాల అవసరాల నిర్ధారణపైన గాని తగినంత అధికారం లేకపోయింది. అమెరికా కాంగ్రెస్ తరఫున ఆడిట్ నిర్వహించే సంస్థ జి.ఏ.ఓ. 2003లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపి, ఉమ్మడి యాజమాన్యాన్ని బలోపేతం చేయాలని సూచించింది.

ఈలోగా సాంకేతిక సమస్యలు తీవ్రమయ్యాయి. వాహనాలు, హెలికాప్టర్లకు ఉద్దేశించిన మొదటి క్లస్టర్ రేడియోల పరిమాణం, బరువు, విద్యుత్ వినియోగం నిర్దేశిత పరిమితులను మించాయి. ప్రసార దూరం, సమాచార భద్రతకు సంబంధించిన ప్రమాణాలను అందుకోవడం కూడా కష్టమైంది. ఫలితంగా 2005 ఆరంభంలో ఆ క్లస్టర్ పనులను చాలావరకు నిలిపివేయవలసి వచ్చింది.

సంస్కరణలు:
2005లో శాన్‌డియాగో కేంద్రంగా జాయింట్ ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీస్‌ను నెలకొల్పి, క్లస్టర్లన్నింటినీ దాని ఆధీనంలోకి తీసుకువచ్చారు. 2006 మార్చిలో ఆమోదించిన పునర్వ్యవస్థీకరణలో దశలవారీ విధానాన్ని స్వీకరించారు. తొలి దశలో రూపొందించవలసిన ప్రసార విధానాల సంఖ్యను గణనీయంగా కుదించి, క్లిష్టమైన అవసరాలను తదుపరి దశలకు వాయిదా వేశారు. ఈ చర్యల వల్ల నష్టభయం తగ్గిందని 2006 సెప్టెంబరు నివేదికలో జి.ఏ.ఓ. అంగీకరిస్తూనే, సవాళ్లు మిగిలే ఉన్నాయని హెచ్చరించింది.

ఫలితాలు:
కొత్త రేడియోల రాక ఆలస్యం కావడం, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల అవసరాలు తోడవడంతో పాత రేడియోల కొనుగోలుకు మినహాయింపులు ఇవ్వక తప్పలేదు. ఈ విధంగా ఒక నియంత్రణ ఆచరణలో సడలిపోయింది. మొదటి క్లస్టర్ స్థానంలో రూపొందిన వాహన రేడియోలను ప్రధానంగా వినియోగించవలసిన ఆర్మీ ఆధునికీకరణ పథకం ఫ్యూచర్ కంబాట్ సిస్టమ్స్ 2009లో రద్దయింది. తర్వాత వాహన రేడియోల కొనుగోలు సంఖ్యను సుమారు 86,000 నుంచి 10,000 స్థాయికి తగ్గించడంతో ఒక్కో రేడియో సగటు వ్యయం భారీగా పెరిగింది.

నన్-మెకర్డీ చట్టం ప్రకారం యూనిట్ వ్యయం అమలులో ఉన్న అంచనా కన్నా 25 శాతం లేదా తొలి అంచనా కన్నా 50 శాతం పెరిగినట్లయితే, కొనసాగింపు ఆవశ్యకమని రక్షణ శాఖ ధ్రువీకరించనిదే ఆ పథకం రద్దు కావలసి ఉంటుంది. ఈ నిబంధన మేరకు జరిపిన సమీక్ష అనంతరం 2011 అక్టోబరులో వాహన రేడియోల విభాగాన్ని రద్దు చేశారు. సైనికులు వెంట తీసుకువెళ్లే చిన్న రేడియోల విభాగం మాత్రం కొనసాగింది. ఉమ్మడి కార్యనిర్వాహక కార్యాలయాన్ని 2012లో మూసివేశారు.

గమనించదగిన అంశాలు:
బాధ్యత అప్పగించిన కార్యాలయానికే నిధులు, అవసరాల నిర్ధారణపై అధికారం ఉండాలి. సాంకేతికత పరిణతిని నిర్ధారించుకున్న తరువాతనే లక్ష్యాలను ఖరారు చేయాలి. మినహాయింపులకు కచ్చితమైన గడువు, సమీక్ష ఉండాలి. ఆడిట్ హెచ్చరించిన 2003కు, అధికారాలు ఏకీకృతమైన 2005కు మధ్య గడిచిన వ్యవధిలో పథకం తీవ్ర ఇబ్బందుల్లో పడింది. ఆలస్యంగా వచ్చిన పటిష్ఠ అజమాయిషీ నష్టాన్ని పరిమితం చేయగలిగిందే తప్ప, ఆరంభంలో జరిగిన తప్పిదాలను పూర్తిగా సరిదిద్దలేకపోయింది.