డెంగ్యూను తొలి రోజుల్లోనే గుర్తించే రక్తపరీక్షలు: ఏ రోజున ఏ పరీక్ష?

డెంగ్యూ వైరస్‌ను నేరుగా చంపే మందు నేటికీ వాడుకలోకి రాలేదు. అయినప్పటికీ, రోగాన్ని సకాలంలో గుర్తించి తగిన వైద్యం అందిస్తే, తీవ్రమైన డెంగ్యూలో సైతం మరణాలను నూటికి ఒకటి కన్నా తక్కువకు తగ్గించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక ఈ జ్వరం విషయంలో రోగనిర్ణయమే సగం వైద్యం. ఆ నిర్ణయాన్ని జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే చేయగల రక్తపరీక్షలు ఎలా రూపొందాయి, అవి ఎలా పనిచేస్తాయి, ఏ పరీక్షను ఏ రోజున చేయించుకోవాలి అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

తొలి రోజుల్లో గుర్తించడం ఎందుకు కష్టం?

హఠాత్తుగా అధిక జ్వరం, తలనొప్పి, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు, వికారం, ఒంటిమీద ఎర్రటి దద్దు డెంగ్యూ లక్షణాలు. అయితే మలేరియా, టైఫాయిడ్, ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్ కూడా మొదట దాదాపు ఇలాగే కనిపిస్తాయి. 2005 చివరిలో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి తలెత్తి, 2006లో కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులలో లక్షలాది మందిని మంచాన పడవేసిన చికున్‌గున్యా సైతం అదే ఏడిస్ దోమ వల్ల వ్యాపిస్తుంది. లక్షణాలను మాత్రమే చూసి ఇది ఫలానా జ్వరమని చెప్పడం అనుభవజ్ఞుడైన వైద్యునికైనా సాధ్యం కాదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. డెంగ్యూలో అసలు ప్రమాదం జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు కాక, జ్వరం తగ్గుముఖం పట్టినప్పుడు వస్తుంది. సాధారణంగా 3వ రోజు నుంచి 7వ రోజు లోపల, జ్వరం దిగే వేళ, కొందరిలో రక్తనాళాల నుంచి ప్లాస్మా ద్రవం బయటకు కారిపోతుంది. ఈ స్థితి 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అప్పటికే రోగం ఏమిటో తెలిసి ఉంటే రోగిని కనిపెట్టి ఉండవచ్చు. తెలియకపోతే, జ్వరం తగ్గిందన్న సంతోషంలో ఇంటివారు ఏమరుపాటుగా ఉండే ప్రమాదం ఉన్నది. అందువల్లనే తొలి మూడు రోజుల్లో ఫలితం ఇచ్చే పరీక్ష కోసం శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి శ్రమించారు.

తొలితరం పరీక్షలు

డెంగ్యూ వైరస్‌ను మొదట 1943లో జపాన్‌లోని నాగసాకిలో వచ్చిన జ్వరాల సందర్భంగా కిమురా, హొట్టా అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. కొద్దికాలానికే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సేబిన్ కూడా సైనికుల రక్తం నుంచి ఈ వైరస్‌ను రాబట్టి, ఇందులో ఒకటికి మించిన రకాలున్నట్లు చూపారు. మొత్తం నాలుగు రకాలున్నట్లు తరువాత తేలింది. ఒక రకం సోకితే ఆ రకం మళ్లీ సోకకుండా జీవితకాలం రక్షణ ఉంటుంది. మిగిలిన రకాల నుంచి రక్షణ కొద్ది నెలలు మాత్రమే. రెండవసారి వేరొక రకం సోకినప్పుడు వ్యాధి తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ.

ఆ రోజుల్లో రోగనిర్ణయానికి రోగి రక్తాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడులోకి ఎక్కించి, వైరస్ పెరిగేవరకు వేచి ఉండేవారు. 1967లో పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రంలో కె.ఆర్.పి. సింగ్ ఏడిస్ దోమల లార్వాల నుంచి కణజాలాన్ని సీసాలలో పెంచే పద్ధతిని సాధించారు. ఆ దోమకణాల నుంచి 1978లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇగరాషి ఎంపికచేసిన కణాల వంశం ప్రపంచమంతటా డెంగ్యూ వైరస్‌ను పెంచడానికి ఉపయోగపడుతున్నది. పుణెలోని ఆ కేంద్రమే నేటి జాతీయ వైరాలజీ సంస్థ. ఎంత మేలైన పద్ధతి అయినా వైరస్‌ను పెంచి చూడటానికి వారం, రెండు వారాలు పడుతుంది.

1958 నుంచి వాడుకలోకి వచ్చిన మరో పరీక్షలో రోగి రక్తాన్ని రెండుసార్లు, కొన్ని రోజుల ఎడంతో తీయవలసి ఉండేది. రెండవ నమూనాలో ప్రతిరక్షకాలు నాలుగు రెట్లు పెరిగితే డెంగ్యూ అని తేల్చేవారు. ఆ ఫలితం వచ్చేసరికి రోగి కోలుకోవడమో, చేయి దాటిపోవడమో జరిగేది. లెక్కలకు పనికివచ్చిన ఆ పరీక్ష వైద్యానికి పనికిరాలేదు.

ఐజీఎం పరీక్ష

శరీరంలోకి సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు దానిని ఎదిరించడానికి రక్తంలో తయారయ్యే ప్రొటీన్లనే ప్రతిరక్షకాలు అంటారు. వాటిలో ముందుగా పుట్టేది ఐజీఎం, తరువాత వచ్చి చిరకాలం నిలిచేది ఐజీజీ. 1971లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ఎలైసా అనే పరీక్షాపద్ధతిని రూపొందించారు. దాని ఆధారంగా 1989లో బ్యాంకాక్‌లో పనిచేసిన ఇన్నిస్ బృందం డెంగ్యూ ఐజీఎంను పట్టే ఎలైసాను వివరించింది.

ఇందులో 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. గుంటల అడుగున మనిషి ఐజీఎంను పట్టుకొనే పదార్థం పూసి ఉంటుంది. రోగి సీరం వేయగానే ఐజీఎం అక్కడ అతుక్కుంటుంది. తరువాత డెంగ్యూ ప్రతిజనకాన్ని, ఆపైన రంగు పుట్టించే ఎంజైము కలిగిన పదార్థాన్ని వేస్తారు. డెంగ్యూ ఐజీఎం ఉన్న గుంటలో రంగు వస్తుంది. జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసే ఈ కిట్లే ప్రభుత్వ నిఘా ఆసుపత్రులకు సరఫరా అవుతున్నాయి.

ఈ పరీక్షకు పరిమితులున్నాయి. ఐజీఎం సాధారణంగా జ్వరం వచ్చిన 4వ లేదా 5వ రోజు తరువాతనే కనిపిస్తుంది. రెండవ రోజున చేస్తే వ్యాధి ఉన్నప్పటికీ లేదనే రావచ్చు. వచ్చిన ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో ఉంటుంది కనుక, గత నెలలో వచ్చిపోయిన డెంగ్యూ కూడా నేటి జ్వరం వలె కనిపించవచ్చు. మెదడువాపు వ్యాధి, జికా వైరస్‌లు డెంగ్యూకు దాయాదులు. వాటి ప్రతిరక్షకాలు కూడా ఈ పరీక్షను తికమక పెట్టవచ్చు.

జన్యుపదార్థాన్ని వెతకే పరీక్ష

డెంగ్యూ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. రక్తంలో అతి స్వల్పంగా ఉన్న దానిని కోట్ల రెట్లు పెంచి గుర్తించే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షను డెంగ్యూకు అన్వయించి 1992లో లాన్సియాటి బృందం ప్రచురించిన పద్ధతి ప్రసిద్ధమైనది. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఇది నమ్మదగిన పరీక్ష. నాలుగు రకాలలో సోకినది ఏదో కూడా చెబుతుంది. అయితే ఖరీదైన యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది, నమూనాను చల్లగా ఉంచి పంపే ఏర్పాటు అవసరం. గ్రామస్థాయిలో ఇది అందుబాటులో లేదు.

ఎన్‌ఎస్‌-1: మలుపు తిప్పిన పరీక్ష

డెంగ్యూ వైరస్ పది ప్రొటీన్లను తయారుచేయిస్తుంది. మూడు దాని శరీర నిర్మాణానికి, ఏడు ఇతర పనులకు. ఆ ఏడింటిలో మొదటిది ఎన్‌ఎస్‌-1. వైరస్ సోకిన కణాలు దీనిని రక్తంలోకి విరివిగా విడుదల చేస్తాయి. శరీరం ప్రతిరక్షకాలను తయారుచేసే వరకు ఆగకుండా, వైరస్ వదిలిన ఈ ఆనవాలునే పట్టుకొంటే రోగం ముందుగా తెలుస్తుంది గదా! అదే కొత్త పరీక్షకు మూలమైన ఆలోచన.

2000లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చెందిన పాల్ యంగ్ బృందం రోగుల సీరంలో ఎన్‌ఎస్‌-1ను కొలిచే ఎలైసాను ప్రచురించింది. 2002లో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ ప్రొటీన్ జ్వరం మొదటి రోజు నుంచి 9వ రోజు వరకు రక్తంలో కనిపిస్తున్నదని నిరూపించారు. 2006 ప్రాంతంలో కిట్ల రూపంలో మార్కెట్‌లోకి వచ్చిన ఈ పరీక్ష నేడు జిల్లా ఆసుపత్రుల స్థాయికి చేరింది.

దీనికీ ఒక లోపం ఉన్నది. రెండవసారి డెంగ్యూ సోకినవారిలో పాత ప్రతిరక్షకాలు త్వరగా మేల్కొని ఎన్‌ఎస్‌-1ను చుట్టివేస్తాయి. అప్పుడు అది పరీక్షకు దొరకకపోవచ్చు. వ్యాధి తీవ్రమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నవారిలోనే పరీక్ష పొరబడే అవకాశం కూడా ఎక్కువన్నమాట. అందుచేత ఎన్‌ఎస్‌-1 లేదని వచ్చినంత మాత్రాన డెంగ్యూ కాదని నిశ్చయించరాదు.

కార్డు పరీక్షలు

పల్లెల్లోని ల్యాబుల్లో సాధారణంగా చేసేది కార్డు పరీక్ష. రక్తపు చుక్క వేసిన 15 నుంచి 20 నిమిషాలలో గీతలు కనిపిస్తాయి. త్వరగా ఫలితం ఇవ్వడం దీని మేలు. అయితే ఎలైసా అంత కచ్చితమైనది కాదు. అందువల్ల కార్డు పరీక్షలో డెంగ్యూ ఉన్నట్లు వస్తే దానిని అనుమానిత కేసుగా భావించి, ఎలైసా ద్వారా నిర్ధారించాలన్నది భారత ప్రభుత్వ మార్గదర్శకం.

ఏ రోజున ఏ పరీక్ష?

జ్వరం వచ్చిన రోజును ఒకటవ రోజుగా లెక్కించాలి.

1వ రోజు నుంచి 5వ రోజు వరకు: ఎన్‌ఎస్‌-1 ఎలైసా. సదుపాయం ఉన్నచోట ఆర్‌టీ-పీసీఆర్.
5వ రోజు తరువాత: ఐజీఎం ఎలైసా.
4, 5 రోజుల సంధికాలంలో: ఎన్‌ఎస్‌-1, ఐజీఎం రెండూ చేయించడం మేలు.
ఐజీజీ ఒక్కటే ఉన్నదని వస్తే: గతంలో ఎప్పుడో డెంగ్యూ సోకిందని మాత్రమే అర్థం కావచ్చు.

ప్లేట్‌లెట్ల సంగతి

ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగ్యూకు రుజువు కాదు. అనేక వైరస్ జ్వరాలలోను, మలేరియాలోను అవి తగ్గుతాయి. ఆరోగ్యవంతులలో వీటి సంఖ్య సుమారు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటుంది. డెంగ్యూలో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్‌ను కూడా చూడాలి. అది పెరుగుతూ పోతుంటే రక్తం చిక్కబడుతున్నదని, ప్లాస్మా కారిపోతున్నదని అర్థం. సింగపూర్, మలేసియాలలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, 20 వేలు లేదా అంతకన్నా తక్కువ ప్లేట్‌లెట్లున్న పెద్దవారికి రక్తస్రావం మొదలుకాక ముందే ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావాన్ని నివారించే ప్రయోజనం కనిపించలేదు. కనుక అంకెను చూసి బెదిరిపోయి అప్పులపాలు కానక్కరలేదు. వైద్యుని పర్యవేక్షణ, తగినంత ద్రవపదార్థాలు ముఖ్యం.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినవి

2007లో దేశంలో 110 నిఘా ఆసుపత్రులను ఎంపికచేసి ప్రభుత్వం ఉచిత డెంగ్యూ పరీక్షలు ప్రారంభించింది. తరువాత ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని, ఆశా కార్యకర్తనుగాని అడిగితే సమీపంలోని ఆసుపత్రి వివరాలు తెలుస్తాయి.

మన ఊళ్లలో ఇల్లు ఒక రాష్ట్రంలో, ఆసుపత్రి మరో రాష్ట్రంలో ఉండటం కొత్త కాదు. చీటీ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉన్నా ఎన్‌ఎస్‌-1, ఐజీఎం అనే పేర్లు అన్నిచోట్లా ఒకటే. నివేదికను పారవేయక, జ్వరం మొదలైన తేదీ, రక్తం తీసిన తేదీ దానిపై రాయించుకొని వెంట తీసుకువెళ్లండి. ఆ రెండు తేదీలు లేనిదే రెండవ వైద్యుడు ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోలేడు.

పరీక్ష ఫలితం ఏదైనా సరే, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి లేదా ముక్కు నుంచి రక్తం, నల్లని విరేచనం, మగత లేదా అశాంతి, ఆయాసం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే ఫలితం కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు వాడరాదు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఎవరికి వ్యాధి తీవ్రమవుతుందో ముందుగానే కచ్చితంగా చెప్పగల పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు. అంతవరకు ఉన్న పరీక్షలను సరైన రోజున చేయించుకోవడమే మన చేతిలోని పని. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, ఆ తేదీని వెంటనే గోడ క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. ఏ పరీక్ష చేయాలో వైద్యునికి ముందుగా చెప్పేది ఆ తేదీయే.